కనిపెట్టుకుని ఉండటం: పిల్లికి యాంటీబయాటిక్ వేసే రోజుల్లో

తెలుగులో 'కనిపెట్టు' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. తెలియనిదాన్ని తెలుసుకోవడం ఒకటి, పక్కనే ఉండి చూసుకోవడం ఇంకొకటి. బాలింతను కనిపెట్టుకుని ఉండమంటారు. జ్వరం వచ్చిన బిడ్డను కనిపెట్టుకుని ఉండమంటారు. ఇంట్లో పెంచుకునే పిల్లికి యాంటీబయాటిక్ వేసే రోజుల్లో ఈ రెండు అర్థాలూ కలిసిపోతాయి. పక్కన ఉండి చూస్తేనే ఆ మందు దానికి పడిందో లేదో తెలుస్తుంది.

మన విభాగంలో చాలామంది ఇళ్ళల్లో పిల్లులున్నాయి. డాక్టరు మాత్రలు రాసిస్తారు, మనం తెచ్చి వేస్తాం. అక్కడితో మన పని అయిపోయిందనుకుంటాం. నిజానికి సగం పని అక్కడే మొదలవుతుంది. నల్లంపల్లిలో మా ఇంటి పిల్లికి మందు వేసిన ఏడు రోజుల్లో గమనించినవి, పశువైద్యులు చెప్పినవి, చదివి తెలుసుకున్నవి కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను.

మందు గురించి రెండు మాటలు

యాంటీబయాటిక్ అంటే బాక్టీరియాను చంపే, లేదా పెరగకుండా ఆపే మందు. వైరస్ వల్ల వచ్చే జలుబు మీద అది పనిచేయదు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను గుర్తించాడు. ఈ కథలో మన తెలుగువాడు ఒకాయన కూడా ఉన్నాడు. భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లీ కంపెనీలో పరిశోధనకు పెద్దగా ఉన్న కాలంలోనే, అక్కడ పనిచేసిన బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుక్కున్నాడు. 1948లో అది లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటి మందు. ఈరోజు పిల్లులకు దగ్గు, ముక్కు కారడం వంటివాటికి రాసిచ్చే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోదే.

పిల్లి చిన్న మనిషీ కాదు, చిన్న కుక్కా కాదు. కొన్ని మందులను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. అందుకే మనకు, కుక్కకు పనికొచ్చే మోతాదు లెక్క పిల్లికి పనికిరాదు.

మూడు మాటలు, మూడు సంగతులు

మందు సరిగా లేదని చెప్పడానికి మన ఇళ్ళల్లో మూడు మాటలు వాడతాం. వినడానికి ఒకేలా ఉన్నా మూడూ వేరు.

'మందు పని చేయలేదు' అంటే జబ్బు తగ్గలేదని. మూడు రోజులు వేసినా గాయం నుంచి చీము వస్తూనే ఉంది, జ్వరం తగ్గలేదు అనుకోండి. ఇది దుష్ఫలితం కాదు. మందు మార్చాలేమో డాక్టరు చూడాలి.

'మందు పడలేదు' అంటే కడుపు ఒప్పుకోలేదని. వాంతి, మెత్తటి భేదులు, తిండి మీద అయిష్టం ఇందులోకి వస్తాయి. పిల్లుల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే. చాలాసార్లు తిండితో కలిపి ఇస్తే సర్దుకుంటాయి.

'మందు వికటించింది' అంటే ప్రాణం మీదికి వచ్చిందని. ముఖం వాయడం, ఊపిరాడకపోవడం, కాళ్ళు తడబడటం, చూపు పోవడం ఇలాంటివి. ఇందులో ఆగి చూద్దామనే మాట లేదు.

మా జిల్లాలో డాక్టరు దగ్గర తమిళంలో మాట్లాడతాం. అక్కడ ఈ మూడింటికీ కలిపి 'మరుందు ఒత్తుక్కలె' అని ఒక్క ముక్క అనేస్తాం. డాక్టరు అప్పుడు తిరిగి అడుగుతారు: ఏమైంది, ఎప్పుడు, ఎన్నిసార్లు? జవాబు మన దగ్గర ఉండాలి. ఏ భాషలో చెప్పినా సరే, చూసింది చూసినట్టు చెప్పాలి.

ముందు మామూలు తెలియాలి

పిల్లి తన బాధను దాచుకుంటుంది. వేటాడే జంతువే అయినా, తనకంటే పెద్ద జంతువులకు అదీ వేటే. బలహీనంగా కనిపిస్తే ప్రమాదమని దాని పుట్టుకలోనే ఉంది. అందుకే జబ్బు చేసిన పిల్లి అరవదు. మంచం కిందికో, బీరువా వెనక్కో వెళ్ళి ముడుచుకుని కూర్చుంటుంది. మనం 'నిద్రపోతున్నట్టుంది' అనుకుంటాం.

కాబట్టి మందు మొదలుపెట్టే ముందే దాని మామూలు రోజు ఎలా ఉంటుందో రాసిపెట్టుకోవాలి. ఇవి చాలు:

ఎంత తింటుంది, ఎన్నిసార్లు.
నీళ్ళు ఎంత తాగుతుంది.
మూత్రం, మలం రోజుకు ఎన్నిసార్లు, మలం గట్టిగా ఉంటుందా.
చిగుళ్ళ రంగు. పెదవి కొంచెం ఎత్తి చూస్తే మామూలుగా గులాబీ రంగులో ఉంటాయి. కొన్ని పిల్లులకు పుట్టుకతోనే నల్ల మచ్చలుంటాయి, అవి కూడా గుర్తుపెట్టుకోవాలి.
నిద్రలో ఊపిరి. పక్కటెముకలు ఒకసారి లేచి దిగితే ఒక లెక్క. మామూలుగా నిమిషానికి 30 లోపే ఉంటుంది.
బరువు. తూకం మీద మనం ఎక్కి, తర్వాత పిల్లిని ఎత్తుకుని ఎక్కి, తేడా తీసుకోవచ్చు.

పిల్లి ఒంటి వేడి మనకంటే ఎక్కువ. 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దానికి మామూలే. చేత్తో ముట్టుకుని 'జ్వరం కాస్తోంది' అని తేల్చకూడదు.

ఏ మందు వేస్తే ఏది చూడాలి

చీటీలో ఉన్న మందు పేరు అడిగి తెలుసుకోండి. పేరు తెలిస్తే ఎక్కడ కన్ను పెట్టాలో తెలుస్తుంది.

అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన మందు: కాటు గాయాలకు, చీము గడ్డలకు ఎక్కువగా ఇది ఇస్తారు. చూడాల్సింది వాంతి, భేదులు. ఇది పెన్సిలిన్ జాతి కాబట్టి అలర్జీ కూడా రావచ్చు. అలర్జీ వస్తే చాలావరకు మందు వేసిన నిమిషాల్లో, కొన్ని గంటల్లో తెలుస్తుంది. ముఖం, కళ్ళ చుట్టూ వాపు, ఒళ్ళంతా గోక్కోవడం, ఊపిరికి కష్టపడటం దాని గుర్తులు. మొదటి మోతాదు వేశాక ఒక గంట పిల్లి కంటికి కనిపించేలా చూసుకోవాలి.

డాక్సీసైక్లిన్: చూడాల్సింది గొంతు కిందికి వెళ్ళే ఆహారనాళం. దీని గురించి కింద వేరుగా రాశాను. చిన్న కూనలకు టెట్రాసైక్లిన్ జాతి మందులు ఇస్తే పెరిగే పళ్ళు పచ్చబడవచ్చు. పాలతో కలిపి ఇస్తే పాలలోని కాల్షియం పట్టుకోవడం వల్ల మందు ఒంటికి తక్కువ పడుతుంది.

మెట్రోనిడజోల్: మహా చేదు. నోట్లో పడగానే పిల్లి సొంగ, నురగ కారుస్తుంది. అది చూసి భయపడాల్సిన పని లేదు, చేదు వల్ల వచ్చేదే. భయపడాల్సింది వేరే ఉంది. మోతాదు ఎక్కువైనా, ఎక్కువ రోజులు వాడినా నరాల మీద పనిచేస్తుంది. తూలుతూ నడవడం, వణకడం, మూర్ఛ కనిపిస్తే ఆ మందు ఇంకో మాత్ర వేయకూడదు.

ఎన్రోఫ్లాక్సాసిన్: ఇది పిల్లి కంటి రెటీనాను దెబ్బతీయగలదు. మోతాదు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. అందుకే పిల్లికి రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం. మూత్రపిండాల జబ్బున్న ముసలి పిల్లుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పిల్లి కంటిపాప ఎండలో సన్నని గీతలా మారాలి. మంచి వెలుతురులో కూడా గుండ్రంగా, పెద్దగా ఉండిపోతే, వస్తువులకు తగులుతూ నడుస్తుంటే అదే గుర్తు. పోయిన చూపు చాలాసార్లు తిరిగి రాదు. కుక్కకు రాసిచ్చిన మాత్రను విరిచి పిల్లికి వేసేవాళ్ళు దీన్ని ముఖ్యంగా గుర్తుంచుకోవాలి.

జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు: మూత్రపిండాల మీద, చెవి మీద పనిచేస్తాయి. నీళ్ళు తాగడం, మూత్రం పోయడం మారిందా, పిలిస్తే చెవి తిప్పుతోందా, తల ఒక పక్కకు వాలుస్తోందా అని చూడాలి.

సెఫోవెసిన్ ఇంజెక్షన్: ఒకసారి వేస్తే రెండు వారాల దాకా పనిచేస్తుంది. మాత్ర మింగించే బాధ ఉండదు. కానీ మాత్రలాగా రేపటినుంచి ఆపేద్దాం అనడానికి వీల్లేదు, లోపలికి వెళ్ళింది వెళ్ళినట్టే. దీన్ని వేయించినప్పుడు కనిపెట్టుకునే రోజులు కూడా ఎక్కువే.

కక్కడం అంతా ఒకటే కాదు

తెలుగు చదువుకునే మనకు ఇది నచ్చే భాగం. పిల్లి నోట్లోంచి ఏది వచ్చినా ఇంట్లో 'కక్కింది' అంటాం. డాక్టరుకు అది చాలదు.

వాంతి అయితే ముందు డోకు ఉంటుంది. పిల్లి పెదాలు నాక్కుంటుంది, సొంగ కారుస్తుంది, పొట్ట లోపలికి బయటికి ఎగదోస్తుంది, తర్వాత బయటికి వస్తుంది. వచ్చినదాంట్లో పసుపు నీళ్ళు ఉండవచ్చు, తిండి సగం అరిగి ఉండవచ్చు.

తిరగదోయడం వేరు. డోకు లేదు, పొట్ట కదలదు. తల వంచితే చాలు, మింగిన తిండి అరగకుండా ముద్దగా, గొట్టం ఆకారంలో బయట పడుతుంది. ఇది కడుపు సంగతి కాదు, ఆహారనాళం సంగతి.

వెంట్రుకల ఉండ మూడోది. దగ్గినట్టు శబ్దం చేసి, మెడ చాపి, జుట్టు చుట్టుకున్న ముద్దను వదులుతుంది.

ఈ తేడా ఎంత ముఖ్యమో మా వీధిలోని ఒక పిల్లి వల్ల తెలిసింది. దానికి జలుబు చేస్తే డాక్సీసైక్లిన్ మాత్రలు వాడారు. నోరు తెరిచి మాత్ర వేసి, మూసి, మింగిందని వదిలేసేవాళ్ళు. మందు అయిపోయి జలుబు తగ్గింది. రెండు వారాల తర్వాత తిన్నదల్లా తిరగదోయడం మొదలుపెట్టింది. వెంట్రుకల ఉండలని అందరూ అనుకున్నారు. పిల్లి ఎముకలు తేలేదాకా చిక్కింది. చివరికి పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్తే, ఆహారనాళం ఒకచోట పుండుపడి, మాని, ఇరుకైపోయిందని తేలింది. ఇప్పుడది పలచటి జావ మాత్రమే మింగగలుగుతుంది.

దీనికి కారణం తెలిసినదే. మనం నిలబడి గ్లాసెడు నీళ్ళతో మాత్ర మింగుతాం. పిల్లి నీళ్ళు లేకుండా మింగుతుంది, దాని ఆహారనాళం నేలకు అడ్డంగా ఉంటుంది. ఎక్స్‌రే కిరణాలతో చూసిన పరిశీలనల్లో, పొడిగా మింగించిన మాత్ర చాలా పిల్లుల్లో 5 నిమిషాలైనా దారిలోనే ఉండిపోయింది. కొంచెం నీళ్ళు పడితే చాలావాటిలో అర నిమిషంలోనే కడుపులోకి దిగింది. డాక్సీసైక్లిన్ ఒకేచోట కరిగితే ఆ చోటును కాలుస్తుంది. క్లిండామైసిన్‌తో కూడా ఈ ప్రమాదముంది.

కాబట్టి మాత్ర వేశాక సూది తీసేసిన సిరంజితో 5 లేదా 6 మిల్లీలీటర్ల నీళ్ళు, దవడ పక్కనుంచి, కొంచెం కొంచెంగా పట్టాలి. తల పైకెత్తి ఒక్కసారిగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇష్టమైన తిండి ఒక ముద్ద వెంటనే పెట్టినా మంచిదే. మన పాత వైద్యంలో దీనికి చక్కని మాట ఉంది: అనుపానం. మందు వెంట తీసుకునేది అని అర్థం. తేనె, నెయ్యి, వేడినీళ్ళు ఏ మందుకు ఏది అనుపానమో వైద్యుడు చెప్పేవాడు. పిల్లి మాత్రకు నీళ్ళే అనుపానం. అది లేకపోతే మంచి మందు కూడా హాని చేస్తుంది.

మా ఇంటి నోటుపుస్తకం

మా పిల్లి పేరు చుక్క. బరువు మూడున్నర కిలోలు. వేరే పిల్లితో కొట్లాడి తోక మొదట్లో కాటు పడింది. పైన చిన్న రంధ్రమే, లోపల చీము గడ్డ కట్టింది. ధర్మపురిలో డాక్టరు గారు చీము తీసి, కడిగి, అమాక్సిసిలిన్ క్లావులనేట్ ఏడు రోజులు, 12 గంటలకు ఒకసారి రాసిచ్చారు. నేను రాసిపెట్టిన దాంట్లో రెండు రోజులు ఇవి:

రెండో రోజు. పొద్దున 7:00 మాత్ర, నీళ్ళు. ఇంకా ఏమీ తినలేదు. 7:25 డోకు, వాంతి, పసుపు నురగ. 9:00 చేప అన్నం మొత్తం తిన్నది. రాత్రి 7:00 తిన్న వెంటనే మాత్ర. వాంతి లేదు. 10:00 భేది ఒకసారి, మెత్తగా, రక్తం లేదు.

మూడో రోజు. పొద్దున 7:00 మాత్ర. ఏమీ తినలేదు. 7:30 వాంతి. 9:30 తిన్నది. గాయం వాపు తగ్గింది, చీము ఇంకా కొంచెం. రాత్రి 7:00 తిన్నాక మాత్ర. వాంతి లేదు. చిగుళ్ళు గులాబీ రంగు. పిలిస్తే వచ్చింది.

మూడో రోజు రాత్రి ఇంట్లో వాదన జరిగింది. "పడని మందు ఎందుకు పోస్తావే, నిలిపెయ్. పసుపు రాస్తే మానిపోతాది" అంది అవ్వ. "డబ్బు పోసి కొన్నాం, ఎట్లా నిలుపుతాం" అంది అమ్మ. ఇద్దరి మాటలోనూ పిల్లి మీద ప్రేమే ఉంది. కానీ సగంలో ఆపితే చావకుండా మిగిలిన బాక్టీరియా మళ్ళీ పెరుగుతుంది, గడ్డ మళ్ళీ కడుతుంది. పడని మందును కళ్ళు మూసుకుని వేస్తూ పోతే పిల్లి తిండి మానేస్తుంది. పొద్దున డాక్టరు గారికి ఫోన్ చేసి పుస్తకం చూసి చదివాను. ఆయన ఒక్కటే అడిగారు: రాత్రి మాత్రకు ఎందుకు వాంతి రాలేదు? జవాబు పేజీలోనే ఉంది. రాత్రి కడుపులో తిండి ఉంది. పొద్దున కూడా ముందు నాలుగు ముద్దలు తినిపించి వేయమన్నారు. నాలుగో రోజు నుంచి వాంతి లేదు. భేదులు ఐదో రోజుకు కట్టుకున్నాయి. ఏడు రోజులూ వేశాం, గాయం ఎండింది.

ఇందులో నా తెలివి ఏమీ లేదు. గంట, నిమిషం రాయడం వల్లే తేడా కంటికి కనిపించింది. 'రోజూ కక్కుతోంది' అని మాత్రమే చెప్పి ఉంటే మందు మార్చాల్సి వచ్చేదేమో.

ఆగకుండా బయల్దేరాల్సిన గుర్తులు

ముఖం, పెదవులు, కళ్ళ చుట్టూ వాపు.
నోరు తెరిచి ఊపిరి తీయడం.
చిగుళ్ళు తెల్లబడటం, పచ్చబడటం, గోధుమ రంగులోకి మారడం.
తూలడం, వణుకు, మూర్ఛ.
ఎండలో కూడా కంటిపాపలు విప్పారి ఉండటం.
వాంతిలో, మలంలో రక్తం.
ఆగకుండా వాంతులు, నీళ్ళు కూడా నిలవకపోవడం.
24 గంటలుగా ఏమీ తినకపోవడం.

చివరిది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మనం ఒక పూట ఉపవాసం ఉంటే కడుపుకు మంచిదంటాం. పిల్లికి అది వర్తించదు. కొన్ని రోజులు తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, ఒంట్లోని కొవ్వు కాలేయంలో చేరి అదే ప్రాణాంతకమైన జబ్బు అవుతుంది. కూనలకు ఇంకా తక్కువ సమయం ఉంటుంది.

ఈ గుర్తుల్లో ఏది కనిపించినా తర్వాతి మాత్ర వేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మందు డబ్బా, నోటుపుస్తకం వెంట తీసుకెళ్ళాలి. కొంచెం భేదులు, ఒకటి రెండు వాంతులు లాంటి చిన్నవైతే మనంతట మనం ఆపకుండా ఫోన్ చేసి అడగాలి.

చేయకూడనివి

ఒక పూట మందు మరిచిపోతే తర్వాతి పూట రెండు మాత్రలు వేయకూడదు.

మందు వేసే రోజుల్లో తిండి మార్చకూడదు. చాలా పెద్ద పిల్లులకు పాలు అరగవు. జబ్బు చేసిందని జాలిపడి గిన్నెడు పాలు పోస్తే భేదులవుతాయి. మనం మందు మీద నింద వేస్తాం.

జ్వరమని పారాసెటమాల్ వేయకూడదు. ఇది యాంటీబయాటిక్ కాదు కానీ ప్రతి ఇంట్లో ఉంటుంది కాబట్టి రాస్తున్నాను. మనం వేసుకునే ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు.

మిగిలిన మాత్రలు దాచి ఇంకోసారి వాడకూడదు, పక్కింటి పిల్లికి ఇవ్వకూడదు. మన దేశంలో ఇలాంటి మందుల అట్టల మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా వాడవద్దని దాని అర్థం. ఇష్టం వచ్చినట్టు వాడితే మందుకు లొంగని బాక్టీరియా తయారవుతుంది. అది పిల్లి దగ్గరే ఉండిపోదు. ఒకే మంచం మీద పడుకునే పిల్లికీ మనకూ మధ్య బాక్టీరియాకు అడ్డుగోడ ఏమీ లేదు.

మాత్ర వేసేటప్పుడు పిల్లి కరిచినా, రక్కినా ఊరుకోకూడదు. పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా సంగతి అడగాలి. పెంపుడు పిల్లే కదా అనుకోవద్దు.

ఒక కోరిక

మీ ఇంట్లో పిల్లికి ఈసారి మందు రాసిస్తే ఒక పాత నోటుపుస్తకం తీయండి. తేదీ, మాత్ర వేసిన గంట, తిన్నది, తాగింది, మలం, వాంతి, నడక అని ఏడు గడులు గీయండి. 'బాగాలేదు', 'డల్‌గా ఉంది' అని రాయకండి. 'పిలిస్తే రాలేదు', 'మంచం కిందే ఉంది, సాయంత్రం 4 నుంచి 8 దాకా' అని రాయండి. మందు అయిపోయాక ఇంకో రెండు వారాలు తిండి ఎలా మింగుతోందో మాత్రం చూస్తూ ఉండండి. ఆహారనాళం ఇరుకైతే అది తెలిసేది అప్పుడే.